చెరువొడ్డు రాయి

పోయిన వారం మనం ముద్దుకృష్ణను భజన గుడి అరుగు మీద కూర్చోబెట్టి వచ్చాం. పాపం, వాడింకా అక్కడే ఉన్నాడు. పొద్దున తాగిన కాఫీ తప్ప కడుపులో ఏమీ లేదు. ఇద్దరు మనుషులు చేతికర్రలు పట్టుకుని చెరో పక్కా కాపలా. ఇంతకీ వాడు చేసిన నేరం ఏమిటంటే, ఊరివాళ్ల చెరువొడ్డు ఊడ్చి శుభ్రం చేయడం!

మదనపల్లె కాలేజీ నుంచి సేవా శిబిరమని ఈ పిల్లలు పుంగనూరు పక్కన పెద్దవంకపల్లెకు వచ్చారు. ఆ ఏడు వానలు బాగా పడి చెరువు నిండింది. నీళ్లయితే వచ్చాయి కానీ ఒడ్డు చూస్తే వాంతి వచ్చేట్టుంది. పగిలిన కుండలు, చింకిగుడ్డలు, కుళ్లిన పూలదండలు, కాలికి గుచ్చుకునే గాజుపెంకులు. పిల్లలు పారలు, బుట్టలు పట్టుకుని దిగారు. ఊళ్లో ఆడవాళ్లు "మా తల్లే, మా నాయనే" అని మజ్జిగ పోశారు. ఆ మజ్జిగ పోసిన చేతులే ఈ పొద్దున దుమ్మెత్తి పోశాయి. ఎందుకంటే ఒడ్డున ఉండాల్సిన కొండప్ప రాయి లేదు.

ఆ ఊళ్లో మనిషి పోతే చెరువొడ్డున ఒక రాయి నాటుతారు. పసుపు రాసి, బొట్టు పెట్టి, దినమూ పొద్దున ఇంటివాళ్లు పాలు పోసి వస్తారు. పోయిన మనిషి, చావు దినాల చివర చేసే కర్మాంత్రం వరకు ఆ రాయి దగ్గరే నిలబడి ఉంటాడని నమ్మకం. కర్మాంత్రం నాడు ఆ రాయిని పెకలించి నీళ్లలో వదిలితేనే అతను ఊరు దాటినట్టు. ఆ తర్వాతే పెళ్లాం గాజులు, బొట్టు తీసేది. మోటారు దగ్గర కరెంటు కొట్టి పోయిన కొండప్పకు కర్మాంత్రం ఎల్లుండి. వాళ్లమ్మ గంగులమ్మ పాలచెంబుతో వచ్చి చూస్తే రాయి ఉండాల్సిన చోట తడి గుంట ఉంది.

"రాళ్లూ రప్పలూ మోసింది నేనే, ఏదన్నా ఉంటే నన్నడగండి" అని ముద్దుకృష్ణ ముందుకొచ్చాడు. కుప్పం కుర్రాడు, నోరు ముందు, ఆలోచన వెనక. అడగడమేమిటి, పట్టుకునే పోయారు. పిల్లల్ని తీసుకొచ్చిన లెక్చరర్ గారేమో బియ్యం, బ్యాళ్లకని మొదటి బస్సుకే పుంగనూరు వెళ్లారు. ఆయన తిరిగొచ్చేది సాయంత్రం బస్సుకే.

కానీ నిన్న మధ్యాహ్నం పసుపు రాసిన రాయిని ఎత్తి బుట్టలో వేసింది ముద్దుకృష్ణ కాదు, వాడితోపాటు శిబిరానికి వచ్చిన అమరావతి. చేతికి అంటిన పసుపును లంగా అంచుకు తుడుచుకున్న సంగతి కూడా ఆమెకు గుర్తుంది.

"నోరు మూసుకుని కూర్చో" అంది ఆమె స్నేహితురాలు విజయ. శిబిరం పిల్లలు దిగిన స్కూలు వరండాలో ఇద్దరే ఉన్నారు. "సార్ వస్తారు, మాట్లాడతారు. నువ్వు పోయి నేనే అన్నావనుకో, ఈ మాట బస్సెక్కి నీకంటే ముందు మీ నాయన దగ్గరికి పోతుంది. ఈ క్యాంపుకు పంపేదానికే ఆయన ఎన్ని మాటలన్నాడు? రేపట్నుంచి కాలేజీ లేదు, ఏమీ లేదు, ఇంట్లో పడుండు అంటాడు."

"అంటాడు" అంది అమరావతి.

"మరి?"

"మరి వాడు ఆడ కూర్చోనుంటే నేను ఈడ అన్నం తినాల్నా? సిగ్గులేదా నాకు?"

పళ్లెం పక్కకు నెట్టి లేచింది. విజయ చెయ్యి పట్టుకుంది, విదిలించుకుంది. భయం లేక కాదు. తండ్రి ముఖం కళ్లముందు కదులుతూనే ఉంది. అయినా ముందు ఆ పెద్దామె కాళ్లు పట్టుకోవాలి, తర్వాత ఏమైతే అది కానీ అనుకుంది.

గంగులమ్మ ఇంట్లో లేదు. పొద్దుననగా వెళ్లిన మనిషి ఇంకా ఒడ్డునే కూర్చుని ఉందట. వాకిట్లో చాప, మూలన చాట, గూట్లో దీపం. లోపలి నుంచి సన్నగా గాజుల చప్పుడైంది.

"ఎవురదీ? లోపలికి రావద్దమ్మా, మైల ఉండాది" అంది ఒక గొంతు.

అది మునెమ్మ, కొండప్ప భార్య. అమరావతి ఈడుదే, కాకుంటే ఒకటి రెండేళ్లు పెద్ద. గోడకానుకుని ముడుచుకుని కూర్చుంది. ముఖం పీక్కుపోయి ఉంది. చేతులకు మాత్రం మోచేతి దాకా ఎర్రగాజులు. ఆ గాజుల్ని చూస్తే అమరావతికి గుండె కలుక్కుమంది. మైలా లేదు, ఏమీ లేదు, గడప దాటి పోయి ఆమె ముందు కూలబడింది.

"అక్కా, నన్ను తిట్టు, కొట్టు, ఏమన్నా చెయ్యి. ఆ రాయి తీసింది నేను. తెలీక తీసినాను. మా ఊళ్లో ఇట్లా నాటేది నేనెప్పుడూ చూళ్లేదు. పసుపు చూసి కూడా నాకు బుద్ధి రాలేదు. పాపం, ఆ ముద్దుకృష్ణ..." అని ఏడ్చేసింది.

మునెమ్మ ఏడవలేదు. తిట్టలేదు.

"నువ్వు ఎత్తేసిన రాయి ఎంతుండింది?"

"ఇంత. రెండు చేతులకు వచ్చింది."

"ఒకపక్క మసి ఉండెనా?"

అమరావతి గుర్తు చేసుకుంది. ఉంది. పసుపుతో పాటు వేళ్లకు నల్లగా కూడా అంటింది.

"అది పొంగలి పెట్టుకున్నోళ్ల పొయ్యిరాయి లేమ్మా" అంది మునెమ్మ. "దానికీ పసుపు రాస్తారు. మా ఆయన రాయి కాదు అది."

"అయితే మరి..."

మునెమ్మ తలుపు వైపు చూసింది. ఎవరూ లేరు. లేచి రాగుల కుండ దగ్గరికి పోయి, మూత తీసి, మోచేతి దాకా చెయ్యి దించింది. రాగులు జరజరా పక్కకు జరిగాయి. అడుగున ఎర్రగుడ్డ మూట. గుడ్డ కొంచెం తొలగిస్తే పసుపు, మధ్యలో కుంకుమ బొట్టు.

అమరావతి మోకాళ్ల మీద ముందుకు జరిగి చూసింది.

"నేనే తీసినాను" అంది మునెమ్మ. "ఈ పొద్దు తెల్లార్తో బయటికి పోయినట్టు పోయి తీసినాను. మీరు అంతా ఊడుస్తాండారు కదా, ఒక రాయి పోతే మీతోపాటే పోయిందనుకుంటారులే అనుకుంటిని. ఒకర్ని పట్టుకోని కూర్చోబెడతారని అనుకోలేదమ్మా. దేవుని సాచ్చిగా అనుకోలేదు."

"ఎందుకక్కా? ఎందుకిట్లా చేసినావు?"

"ఎందుకంటే ఏం సెప్పేది?" కుండ మూత పెట్టి, మళ్లీ గోడకానుకుంది. "ఎల్లుండి ఆ రాయి నీళ్లలో ఏస్తారు. గాజులు పగలగొడతారు. ఆ సాయంత్రమే నన్ను కుప్పం బస్సు ఎక్కిస్తాడంట మా బావ. 'పిల్లా జెల్లా లేదు, ఈడేం పని' అని మొగాన్నే సెప్పినాడు. ఈ ఇంట్లో నేనేం తిని కూర్చోనుండానా? ఆ మిట్ట మీద చేను సూసినావా నువ్వు? రాళ్లగుట్ట అది. నేనూ ఆయనా ఏరినాం, ఒక్కొక్క రాయీ. ఇంగ ఈ ఏడే కాయ పడింది దాంట్లో. అది ఇడిసిపెట్టి నేను యాడికి పోయేది? కుప్పంలో మాత్రం ఎవురుండారు నాకు? అమ్మా లేదు, నాయనా లేడు. ఉండేది ఒక్క అన్న, నారాయణస్వామి. లారీ తోల్తాడు. లోడు ఎత్తుకోని నాగపూరు దిక్కు పోయినాడు. టెలిగ్రాం ఇచ్చినారు లారీ ఆఫీసుకు. ఎల్లుండి దాటి, శనారానికి గానీ రాడు."

"ఆయన వస్తే?"

"వస్తే నలుగుర్లో నిలబడి అడుగుతాడు. మా సెల్లెలు ఈడే ఉంటాది, ఆమె చేను ఆమె సేసుకుంటాది అని గెట్టిగా అడుగుతాడు. మా అన్న గొంతంటే మా బావకి బయ్యం. నేనడిగితే ఎవురింటారు? ఒగసారి గాజులు పోయినాంక అసలు నన్ను గుంపులోకే రానీరు. రాయి కనపడకపోతే కొత్త రాయి నాటల్ల, మళ్లీ మొదట్నుంచీ దినాలు లెక్కపెట్టల్ల. రామప్ప తాత సెప్పినాడు ఒగసారి, ఎవురింట్లోనో అట్లయితే. ఆ దినాల్లోపల మా అన్న వస్తాడు. అంతేనమ్మా నేనడిగేది."

ఇంత చెప్పి అప్పుడు ఏడ్చింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, చప్పుడు బయటికి రాకుండా ఏడ్చింది. మొగుడు పోయినందుకు ఏడ్చేదానికి కూడా ఆమెకు తీరిక దొరికినట్టు లేదు. చూస్తుంటే అమరావతికి ఒళ్లు మండిపోయింది, ఎవరి మీదో ఆమెకే తెలియలేదు. ముద్దుకృష్ణను వదిలించాలంటే ఈ కుండ చూపించాలి. కుండ చూపిస్తే మొగుడి రాయి దొంగిలించిన దానిగా ఈ పిల్ల ఈ ఊళ్లో బతికి బట్టకట్టదు.

"ఎవరికీ చెప్పను" అంది. "నేనే తీసినానంటాను. యాడ పడిందో తెలీదంటాను. వాణ్ని వదిలేస్తారు, కొత్త రాయి నాటుకుంటారు. సరేనా?"

"నీకేమన్నా అయితే?"

"నాకేమవుతుంది? తిడతారు. అంతే కదా."

మునెమ్మ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టబోయింది. అమరావతి ఆ చేతులు పట్టుకుని కిందికి దించింది. గాజులు గలగలమన్నాయి. ఇద్దరూ ఉలిక్కిపడ్డారు.

చెరువొడ్డున ఊరు ఊరంతా ఉంది. పిల్లలు తొమ్మిదో పదో బుట్టలు మోసి, దారి పక్కన వేసిన చెత్తకుప్పను మగవాళ్లు పారలతో తిరగేసి, చెత్తంతా మళ్లీ ఒడ్డు మీదికే చల్లి పెట్టారు. చేసిన పని బూడిదలో పోసిన పన్నీరు. గుంట పక్కన పాలచెంబు పెట్టుకుని గంగులమ్మ కూర్చుంది. ముద్దుకృష్ణను కూడా అక్కడికే తెచ్చి నిలబెట్టారు. వాడు అమరావతిని చూసి, ఎందుకొచ్చావన్నట్టు కళ్లతోనే కసిరాడు.

కొండప్ప అన్న గంగాధరం పెద్ద గొంతుతో మాట్లాడుతున్నాడు. "కుప్పంతా తోడినాం. లేదు. కుప్పలో లేదంటే అర్థమేంది? ఎవురో కావాలనే తీసి దాసిపెట్టినారు. మా దాయాదులకు మా మింద ఎంత మంటో నాకు తెలుసు. ఇంగ ఇల్లిల్లూ ఎతకల్సిందే! ముందు మా ఇంటి కాన్నుంచే మొదులు పెట్టండప్పా, మళ్లీ ఎవురూ నన్ను వేలెత్తి సూపకుండా."

ఇద్దరు కుర్రవాళ్లు అప్పుడే ఊరి వైపు తిరిగారు.

అమరావతి గబగబా గుంపులోకి దూరింది. ముందు మా ఇల్లు అంటున్నాడు! రాగుల కుండలో చెయ్యి పెట్టడానికి ఎంతసేపు పడుతుంది? తెలీదు, ఎక్కడో పడింది అంటే ఇక చాలదు. వెతికేదానికి వీల్లేని చోటు ఒకటి చెప్పాలి, ఇప్పుడే చెప్పాలి. ఎదురుగా చెరువు నిండుగా ఉంది.

"ఆగండప్పా!" అని అరిచింది. "రాయి ఎవురూ దాచలేదు. నేను తీసినాను. ఒడ్డు ఊడుస్తా, అడ్డంగా ఉండాదని తీసి నీళ్లలోకి విసిరేసినాను."

ఒక్కసారిగా అందరూ ఇటు తిరిగారు. కుర్రవాళ్లు కూడా ఆగిపోయారు.

"అమరావతీ, మనం నీళ్లలోకి ఏమీ వేయలేదు కదా" అన్నాడు ముద్దుకృష్ణ. "అన్నీ కుప్పలోకే కదా నేను..."

"నువ్వు చూడలేదులే, నోరు మూయి!"

గంగాధరం దగ్గరికి వచ్చాడు. కొట్టేస్తాడేమో అనుకుంది. కొట్టలేదు, పైకీ కిందికీ చూశాడు. "ఆ పిల్లోన్ని ఇడిపించుకునేదానికి అబద్దం సెప్తాండావా పాపా?"

"లేదు."

"అయితే నీళ్లలోకి దిగు. గంగను దోసిట్లో పట్టి సెప్పు."

అమరావతి దిగింది. మోకాళ్ల దాకా చల్లటి నీళ్లు. లంగా బరువెక్కింది. అబద్ధం చెప్పడం ఆమెకు కొత్త కాదు, ఇంట్లో సినిమాకు పోవాలంటే ఎన్ని చెప్పలేదు! కానీ దోసిలి నింపుకుని, ఒడ్డున కూర్చున్న ఆ ముసలమ్మ ముఖం చూస్తూ చెప్పడం కొత్తే. తల్లీ గంగమ్మా, నా మీద కోపం పెట్టుకో, ఆ పిల్ల మీద వద్దు అనుకుంది.

"గంగ సాక్షిగా చెప్తాండాను. ఆ రాయి నేనే ఈ నీళ్లలోకి విసిరేసినాను."

గంగులమ్మ చెంబు తడుముకుంది. ఇంతసేపూ ఒలకకుండా కాచుకున్న పాలు అందులోనే ఉన్నాయి. "పోయినాడా?" అంది, ఎవరిని అడుగుతోందో తెలియకుండా. "నా కొడుకు పోయేసినాడా? పొయ్యేటప్పుడు ఒగురన్నా లేకపోతిమే! అన్నా లేడు, నేనూ లేను, ఎవురో తెలీని పిల్ల చేత పోయినాడే నా బిడ్డ..." చెంబు ఎత్తి ఆ పాలు చెరువులో వంచేసి, నేలమీద తల కొట్టుకుంది. ఆడవాళ్లు పరుగున వచ్చి పట్టుకున్నారు.

అమరావతి దోసిట్లో నీళ్లు వదిలేసింది. అంతా చెప్పేద్దామా, నీ కొడుకు ఎక్కడికీ పోలేదమ్మా, నీ ఇంట్లోనే రాగుల కుండలో ఉన్నాడు అని చెప్పేద్దామా అని పెదవుల దాకా వచ్చింది. పళ్లు బిగించి ఆపుకుంది. ఇంకెంతసేపు, తిట్టి పంపించేస్తారు, కొత్త రాయి నాటుకుంటారు అని తనకు తాను చెప్పుకుంది.

ముద్దుకృష్ణ చెయ్యి పట్టుకున్న మనుషులు వదిలేశారు. అందరూ రామప్ప వైపు చూశారు. చావు కార్యాలకు ఆ ఊళ్లో ఆయన మాటే మాట. ఎనభై దాటిన మనిషి. చేతికర్ర మీద గడ్డం ఆనించుకుని నీళ్ల వైపు చూశాడు.

"ఇంగేముండాది" అన్నాడు. "రాయి మాయమై ఉంటే వేరే మాట. కొత్త రాయి నాటుకోని దినాలు మళ్లీ పెట్టుకునేవాళ్లం. ఇప్పుడు నీళ్లలో పడె. ఎవురి చేత పడితే ఏంది? గంగ తీసుకునేసింది, ఆయప్ప దాటేసినాడు. దాటినోన్ని మళ్లీ పిలిసి రాయిలో నిలబెట్టేది మన తాతల కాలం నుంచీ లేదు."

గంగాధరం తల పైకెత్తాడు. "అంటే కర్మాంత్రం అయిపోయినట్టేనా, రామప్పా?"

"అయిపోయినట్టే. కూడు పెట్టేది ఎల్లుండే పెట్టుకో, బందువులకు సెప్పుకున్నావు కదా. ఒడ్డున జరగాల్సింది మాత్రం ఈ పొద్దే జరగల్ల. ఆయప్ప పోయినాంక ఆయమ్మ చేతికి గాజులుండకూడదు. పొద్దు వాలకముందే పిలుసుకోని రాండి."

నలుగురు ముసలమ్మలు అప్పటికే లేచి, పైట సర్దుకుని, ఊరి దారి పట్టారు.

అమరావతికి ముందు ఆ మాటలు చెవికెక్కలేదు. ఎక్కాక నీళ్లలో నుంచి ఒక అడుగు వేసింది. "తాతా, ఎల్లుండి కదా... ఎల్లుండి అన్నారు కదా..."

"నువ్వింగ పోమ్మా" అన్నాడు రామప్ప, కోపం లేకుండానే. "నీ తప్పు లేదు. తెలీక సేసినావు. ఆ పిల్లోన్ని పిలుసుకోని పో, అన్నం తినండి."

"తాతా, నేను..." చెప్పింది అబద్ధం అంటే ఇళ్లు వెతుకుతారు, రాయి దొరుకుతుంది, పట్టుబడేది మునెమ్మ. నిజమే అంటే గాజులు పోయేది మునెమ్మవి, కుప్పం బస్సు ఎక్కేదీ మునెమ్మే, ఎల్లుండి కూడా కాదు, బహుశా ఈ సాయంత్రమే. కాపాడతానని చేతులు పట్టుకుని మాటిచ్చి, తన నోటితోనే రెండు దినాల గడువు కూడా లేకుండా చేసింది. ముద్దుకృష్ణ దగ్గరికొచ్చి, "ఏమైంది నీకు? ఏడుస్తాండావు యాల? వదిలేసినారు కదా నన్ను" అంటున్నాడు. వాడికేం తెలుసు!

కట్ట మీద మనుషులు కనిపించారు. ముసలమ్మల నడుమ మునెమ్మ వస్తోంది. ఎందుకు పిలుస్తున్నారో దారిలో ఎవరూ చెప్పినట్టు లేదు. ఆ ఊళ్లో అది ముందుగా చెప్పరు. కట్ట దిగి, గుంపును దాటి, నీళ్ల అంచు వరకు నడిచి వచ్చింది. ముద్దుకృష్ణ పక్కన కాపలా లేకపోవడం చూసింది, తడి లంగాతో నిలబడ్డ అమరావతిని చూసింది. ఆమె ముఖం తేటపడింది. అడ్డం వచ్చిన పైట సర్దుకుంటున్నట్టు వంగి, ఎర్రగాజుల చేతిని నోటికి అడ్డం పెట్టుకుని, అమరావతికి మాత్రమే వినపడేటట్టు అడిగింది.

"కొత్త రాయి యాడ నాటతారంటమ్మా?"